బొట్టు బరువు

ఈ రోజు ఉదయం నేనొక తప్పు చేశాను. ఎనభై దాటిన మనిషి చేసే తప్పులు సాధారణంగా ఇంట్లోవాళ్లు నవ్వుకుని మరిచిపోయే రకంగా ఉంటాయి. వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకోవడం, పొయ్యి మీద పాలు పెట్టి పేపరు చదువుతూ కూర్చోవడం, అట్లాంటివి. కానీ ఈ తప్పు నా కళ్ల ముందు ఇంతకు మునుపే ఒకసారి జరిగింది. పద్దెనిమిదేళ్ల వయసులో దాన్ని ఆపగలిగి ఆపలేదు. దాని ఫలితం ఏమిటో అప్పుడే చూశాను. అయినా ఈ రోజు నా చేతులతో నేనే మళ్లీ చేశాను.

మా బావ మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. కొన్ని నెలలుగా ఆ పిల్ల ఒక బుల్లి విమానం తయారు చేస్తోంది. నాలుగు గోడల మధ్య, కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి ఎగరేసే విమానం అది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే వాటిలో ఇమిడిపోతుంది. పైన కప్పిన పొర ఉల్లిపొర కంటే పలచన. లోపల శనగగింజంత మోటారు, వేలిగోరంత బ్యాటరీ. చేతిలో ఒక పెట్టె పట్టుకుని దాని మీదున్న పుల్లలు కదిలిస్తే తీగ లేకుండా, తాడు లేకుండా, రేడియోతోనే చెప్పినట్టు మలుపు తిరుగుతుంది. బరువెంతమ్మా అని అడిగితే ఐదు రూపాయల బిళ్ల కంటే తక్కువే తాతా అంది. అది ఎగురుతుండగా వీడియో తీసి ఈ రాత్రిలోగా పంపాలట. నచ్చినవాళ్లను పెద్ద ఊళ్లో జరిగే పోటీకి పిలుస్తారట. మార్కాపురంలో అంత ఎత్తు కప్పు ఉండి తనకు దొరికే చోటు కల్యాణ మండపం ఒక్కటే. రేపటి నుంచి అక్కడ వరుసగా పెళ్లిళ్లు. అందుకని ఈ ఒక్క రోజుకు బతిమాలి తాళం చెవి ఇప్పించుకుంది.

ఉదయం నన్ను కూడా వెంట తీసుకుపోయింది. విమానాన్ని బల్ల మీద పెట్టి, పెట్టెను సరిచూసుకుంటూ అటు తిరిగింది. నేను పూజ చేసుకుని నేరుగా వచ్చినవాణ్ణి, జేబులో కుంకుమ పొట్లం ఉంది, బల్ల మీద నీళ్ల సీసా ఉంది. కుంకుమ తడిపి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, విమానం ముక్కుకు ఒకటి, తోకకు ఒకటి బొట్టు పెట్టాను. ఆ పిల్ల తిరిగి చూసింది. చూసి, కొంచెం ఆగి, నవ్వింది. దాన్ని చేతిలోకి తీసుకుని గాలిలోకి వదిలింది.

అది ముక్కు పైకెత్తింది. ఇంకా పైకెత్తింది. ఆ పిల్ల పుల్లలను ఎటు తిప్పినా వినలేదు. నిటారుగా నిలబడి, వెనక్కి జారి, పెళ్లి వేదిక మెట్ల మీద పడి తోక విరిగింది.

"తోక బరువైంది తాతా, అంతే," అంది నన్నే ఓదారుస్తున్నట్టు.

"తెలిసి ఎందుకు వదిలినావమ్మా? తుడిచేస్తే పోయేది గదా?"

"నువ్వు పెట్టిన బొట్టును నీ ముందరే ఎట్ల చెరపాల తాతా?"

ఇదే మాటను వాళ్ల తాత, అంటే మా బావ, నోరు విప్పకుండా, కళ్లతో నాతో ఒకసారి అన్నాడు.

అప్పటికి రాష్ట్రం ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఏ పెద్ద చదువుకైనా, ఏ పెద్ద దొరను చూడాలన్నా నల్లమల దాటి కర్నూలు పోవాల్సిందే. బావ మా మేనమామ కొడుకు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే వీధి, ఒకే బడి. చివరి తరగతి పరీక్షలో నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కాను, బావ లెక్కల్లో తప్పాడు. ఇద్దరమూ ఒకే పలకల కార్ఖానాలో పనికి చేరాం. ఆ రోజుల్లో ఏ ఊరి బడిపిల్లల చంకలో చూసినా మా రాతిపలకే ఉండేదని నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. గని నుంచి వచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా విడదీసేవాళ్లు, కొలతకు కోసేవాళ్లు, నున్నగా రుద్దేవాళ్లు, చివరికి చెక్క చట్రం బిగించేవాళ్లు. బావ చట్రాలు బిగించేవాడు. నేను గడ్డి పరిచి పెట్టెల్లో సర్దేవాణ్ణి. కోసే చోట మా మేనమామ కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి ఆయన మీసమూ కనుబొమ్మలూ బూడిదరంగుకు తిరిగి ఉండేవి, తువ్వాలు దులిపితే పొగ లేచినట్టు లేచేది. అప్పటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. రాత్రి ఆ దగ్గు మా ఇంటిదాకా వినిపించేది. ఆయన లేవలేని రోజు వస్తే ఆ పీట మీద కూర్చోవలసింది బావేనని మా అందరికీ తెలుసు. మా అత్త, అంటే బావ తల్లి, ఆ సంగతి వచ్చినప్పుడల్లా ఒకే మాట అనేది: "ఈ ఇంట్లో ఒక్కడన్నా ఆ పొడి మింగకుండా బతకాల."

విమానాల పిచ్చి బావకు ఆమె నుంచే వచ్చింది. ఆమె పుట్టిల్లు దొనకొండ పక్కన. యుద్ధకాలంలో అక్కడ విమానాలు దిగే మైదానం కట్టారు. విమానం కిందికి దిగుతుంటే గొర్రెలు ఎటు పడితే అటు పరుగెత్తేవని, వాటిని పోగుచేసుకునేసరికి పొద్దుగూకేదని, కొత్త పెళ్లికూతురుగా ఉన్న తను కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ నిలబడేదని బావకు ఉగ్గుతోపాటు చెప్పింది. యుద్ధం ముగిశాక ఆ మైదానంలో మళ్లీ గొర్రెలే మేశాయి. బావ చూసింది ఆ గొర్రెలనే. విమానాన్ని మాత్రం తల్లి కళ్లతో చూశాడు.

మా పెద్ద వీధిలో ఒక భాయి దుకాణం ఉండేది. గుండీలు, దారాలు, గాలిపటాల కాగితాలు, పొట్లాలకు పాత ఇంగ్లీషు పుస్తకాలు, అన్నీ ఆయన దగ్గరే. ఒకరోజు బెల్లం పొట్లం విప్పితే ఆ కాగితంలో ఒక బొమ్మ ఉంది. పెద్ద హాల్లో తెల్లవాళ్లు తలలు పైకెత్తి నిలబడి ఉన్నారు, వాళ్ల తలల మీద తూనీగ లాంటి విమానం. కింద రాసింది మాకు సగమే అర్థమైంది: ఇంటి లోపల ఎగిరేది, రబ్బరు మెలితో నడిచేది, అంటే మెలిపెట్టిన రబ్బరు విడుతూ ముందరి పంకాను తిప్పుతుంది. బావ ఆ కాగితం మీది బెల్లం నాకి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కార్ఖానా షావుకారి అల్లుడు కర్నూలులో చేతిపనులు నేర్పే ఒక సాంకేతిక పాఠశాలలో అయ్యవారుగా ఉండేవాడు. దసరాకు అత్తగారింటికి వచ్చినప్పుడు బావ చట్రాల చెక్కతో చేసిన బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు. బావ ఆ బెల్లం కాగితం తీసి చూపించాడు. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "వచ్చే దసరాకు వస్తాను. ఇది చేసి, ఈ షెడ్డులోనే గోడ తగలకుండా ఒక్క చుట్టు తిప్పి చూపించు. లెక్కల మార్కుల సంగతి నేను మాట్లాడుకుంటా. నిన్ను వెంటబెట్టుకునిపోయి మా బడి పెద్దాయన ముందు నిలబెడతా," అన్నాడు. ఒక్క చుట్టు. అత్త ఆ మాటను ఊరంతా చెప్పుకుంది. మేనమామ మాత్రం దగ్గు ఆపుకుంటూ, "ఎగిరేదానికంటే ముందు అన్నానికి రమ్మను," అన్నాడు.

మొదటిది చట్రాల చెక్కతోనే చేశాం. మెలి తిప్పి వదిలితే పలక పడ్డట్టే పడింది. రెండోది జొన్నచొప్ప లోపలి బెండుతో. కొంచెం మేలు, మోకాలి ఎత్తున నాలుగడుగులు పోయి కూర్చుంది. అప్పుడు ఎవరో పెళ్లి బాసికాలు చేసే జీలుగు బెండు సంగతి చెప్పారు. కంభం చెరువు అంచుల్లో పెరుగుతుంది, ఎండితే చేతిలో ఉన్నట్టే తెలియదు. బావ సైకిలు మీద పోయి మోపుకట్టుకుని వచ్చాడు. దాన్ని పాత బ్లేడుతో అగ్గిపుల్ల కంటే సన్నగా చీరడం నా పని. పదింటిలో తొమ్మిది విరిగేవి. రెక్కల మీదికి గాలిపటం కాగితం, అతుకులకు తుమ్మబంక, అదీ పుల్ల కొసన అంటినంతే. ముందరి పంకా వెదురు బద్దను ఆవిరి మీద వంచి చేశాడు. దాని ఇరుసు గుండుసూది, ఇరుసు రాసుకోకుండా తిరగడానికి తెగిపోయిన అత్త దండలోని పూస. సైకిలు ట్యూబు కోసి రబ్బరుగా పెడితే అదొక్కటే విమానమంత బరువైంది. అప్పుడు భాయి లాగులకు కుట్టే ఎలాస్టిక్ పట్టీ విప్పి లోపలి సన్నదారాలు తీసిచ్చాడు.

"ఏంది బాబూ, ఎగిరినాక దీంట్లో కూర్చుని హజ్‌కు పోవచ్చా నేను?" అనేవాడు.

"నీ తూకానికి ఇంకో ఎలాస్టిక్ చుట్ట కావాల భాయీ," అనేవాడు బావ.

తూచడానికి కంసాలి దగ్గరికి పోయేవాళ్లం. ఆయన తక్కెడ ఒక సిబ్బిలో మా విమానాన్ని, రెండో సిబ్బిలో గురిగింజలను వేసేవాడు. బంగారం తెస్తారనుకుంటే బెండు తెస్తారేందిరా అని తిట్టేవాడు గానీ, మేం పోయినప్పుడల్లా గింజలు ముందే తీసి పెట్టేవాడు. ఒక్క గింజ బరువు తగ్గించడానికి బావ వారం రోజులు కూర్చుని పుల్లలను గీకడం నేను చూశాను. బంక ఎక్కువైందని ఆరిన అతుకును మళ్లీ తడిపి, తుడిచి, మళ్లీ అతికేవాడు. ఆ గింజలు నాకెంత కంఠతా వచ్చాయంటే, విమానం చేతిలోకి తీసుకుంటే ఎన్ని గింజలో చెప్పగలిగేవాణ్ణి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ తరువాత జరిగింది తెలియక జరిగిందని నేను చెప్పుకోలేను.

దసరాకు కొద్దిరోజుల ముందు ఒక సెలవునాడు షెడ్డు తలుపులన్నీ మూసి, సందుల్లో గోనెపట్టలు కుక్కి, దాన్ని ఎగరేశాం. మా వైపు గాలి సంగతి మీకు తెలుసు, నల్లమల మీది నుంచి చెప్పకుండా వస్తుంది. భాయి కూడా వచ్చాడు. నోట్లో బీడీ పెట్టుకుని, పొగకే కదులుతుందేమోనని వెలిగించకుండా నిలబడ్డాడు. కప్పులో ఒక అద్దపు పెంకు ఉండేది. దానిగుండా పడిన ఎండలో పలకపొడి తేలుతోంది. బావ వదిలాడు. విసరలేదు, చెయ్యి కిందికి తీసేశాడంతే. అది గాలిలోనే ఉండిపోయింది. తొందర లేకుండా, నీళ్లలో చేప మసలినట్టు, పెద్ద వలయంగా తిరుగుతూ ఆ ఎండలోకి వచ్చింది. రెక్కలు ఒక్కసారి వెలిగాయి. పొడి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఒక చుట్టు అయింది. రెండోది సగం తిరిగి, మెలి అయిపోయి, గడ్డి మీద తనంతట తాను వాలింది. భాయి బీడీని నోట్లోంచి తీసి, "యా అల్లా," అని మళ్లీ పెట్టుకున్నాడు. బావ నా భుజం మీద తల ఆనించి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కానీ నా ఏడుపులో ఇంకొకటి కూడా ఉంది. ఇది ఎగిరితే బావ కర్నూలు పోతాడు, నేను ఒక్కణ్ణే ఈ గడ్డి పరుచుకుంటూ ఇక్కడే ఉంటాను. అది ఆ క్షణంలో నాకు తట్టింది.

షావుకారి అల్లుడు ఆయుధపూజ రోజు మధ్యాహ్నం వస్తానన్నాడు. సాయంత్రం బండికి ఆయన తిరిగి పోవాలి. ఆ రోజు మిషన్లు ఆగిపోతాయి గనుక పొడి ఉండదు, గాలి కదలదు, మాకు అంతకంటే మంచిరోజు లేదు. పొద్దున్నే షెడ్డు కడిగాం. ఉలులు, రంపాలు, తూకపు రాళ్లు, బండి చక్రాలు, చివరికి నేను గడ్డి కోసే కొడవలి కూడా వరుసగా పెట్టాం. ఆ వరుస చివర, ఒక పెట్టె మీద, విమానం. ఆయనను పిలుచుకురావడానికి బావ షావుకారి ఇంటికి పోతూ, "ఎవ్వర్నీ తాకనీబాకు బావా," అని నాకు చెప్పిపోయాడు.

అత్త పళ్లెం పట్టుకుని వచ్చింది. పసుపు తడిపి ముద్ద చేసింది, గంధం, కుంకుమ, నిమ్మకాయలు. ఆ రోజు ఆమె కట్టుకున్నది పెళ్లినాటి చీర. ఉలులకు పెట్టింది, రంపాలకు పెట్టింది, మేనమామ కూర్చునే పీటకు కూడా పెట్టింది. పెట్టుకుంటూ పెట్టుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చింది.

"అత్తా, దానికి వద్దు," అన్నాను.

"ఎందుకురా?"

"బరువైతాది."

అత్త నవ్వింది. "బొట్టు బరువేందిరా! పెండ్లైనకాడ్నుంచి మోస్తాండా, నా మెడేమన్నా వంగిందా?"

పక్కనున్న పనివాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. "అన్నిటికీ పెట్టి దీన్నొక్కదాన్ని ఇడిస్తే ఇది అలగదా? నా కొడుకుని కర్నూలు తీసుకపొయ్యే బండి ఇది," అంది. అడ్డం నిలబడి ఉంటే సరిపోయేది. పళ్లెం అందుకుని పక్కన పెడితే సరిపోయేది. కోప్పడితే అత్త కోప్పడేది, రెండు రోజులు మాట్లాడకుండా ఉండేది, అంతే గదా! నేను ఏమీ చేయలేదు. చేతులు కట్టుకుని, ఆమె తడి పసుపు వేళ్లతో ముక్కుకు, రెండు రెక్కలకు, తోకకు పసుపు పూసి, దాని మీద కుంకుమ అద్దుతుంటే చూస్తూ నిలబడ్డాను. నా తలలో గురిగింజలు ఒక్కొక్కటే పడుతున్నాయి. నిమ్మకాయ కట్టబోతే మాత్రం చేతిలోంచి లాక్కున్నాను. దాంతో నా పని అయిపోయిందనుకున్నాను.

తోక మీద కాగితం తడికి ముడుచుకుంది. అప్పుడైనా పరుగెత్తిపోయి బావను దారిలో ఆపి చెప్పి ఉండవచ్చు. ఆపితే, నేను అక్కడ ఉండి కూడా ఎట్ల పెట్టనిచ్చానని అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడి, వస్తాడు, చూసుకుంటాడు, తుడుచుకుంటాడు అనుకుంటూ నిలబడ్డాను.

బావ అల్లుడుగారితో లోపలికి వచ్చాడు. విమానాన్ని చేతిలోకి తీసుకోగానే ఆగిపోయాడు. నాకు తెలిసిన బరువు అతనికి తెలియదా! తోకను చూపుడువేలితో తాకాడు, వేలి కొసకు పసుపు అంటింది. తల ఎత్తి చూశాడు. ఎదురుగా తల్లి రెండు చేతులూ జోడించి, కళ్లనిండా నీళ్లతో, పెళ్లినాటి చీరలో నిలబడి ఉంది. ఆమె వెనక గోడకు ఆనుకుని తండ్రి, దగ్గు రాకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. తల్లి పెట్టిన బొట్టును, ఆమె చూస్తుండగా, పండగపూట, ఏ కొడుకు చెరుపుతాడు? బావ కళ్లు నా వైపు తిరిగాయి. ఎక్కువసేపు కాదు. వేలిని చొక్కాకు తుడుచుకుని, పంకా పట్టుకుని మెలి తిప్పడం మొదలుపెట్టాడు.

వదిలాక ఇక మా చేతుల్లో ఏమీ లేదు. ఇప్పటి పిల్లలకున్న పెట్టె, పుల్లలు మాకు లేవు. అది ముక్కు పైకెత్తింది. అందరూ ఆహా అన్నారు, పైకి పోతోందనుకున్నారు. బావకూ నాకూ తెలుసు. అది గాలిలో నిలబడింది, వెనక్కి జారింది, ఎడమరెక్క మీదికి ఒరిగి, పేర్చిపెట్టిన పలకల మీద పడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు, ఎండుటాకు పడ్డంతే. రెక్క మధ్యకు విరిగింది. మళ్లీ చేయడానికి రోజులు పడతాయి, ఆయన బండికి గంటలే ఉన్నాయి.

అల్లుడుగారు మంచి మనిషి. పనితనం బాగుందని, బరువు కొంచెం తగ్గించుకోమని, మరో ఏడు చూద్దామని అన్నాడు. బరువు తగ్గించుకోమని! బావ తలూపాడు. అందరూ పోయాక ఇద్దరమే మిగిలాం. అతను విరిగిన రెక్కను చేతిలో తిప్పి చూస్తూ, "పోనీలే బావా, పసుపు కుంకుమలతో పోయింది. ముత్తైదువ సావు," అన్నాడు. అని నవ్వాడు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

మరుసటి దసరాకు ఆ అల్లుడుగారు రాలేదు. దూరం బదిలీ అయ్యాడన్నారు. అంతకు ముందే మేనమామ మంచం పట్టాడు, ఆ పీట మీద బావ కూర్చున్నాడు. ఆ ఏడే నేను నా అత్తెసరు మార్కులతో అయ్యవార్ల ట్రైనింగుకు పోయాను. గడ్డి పరుచుకుంటూ ఒక్కణ్ణే ఉండిపోతానని భయపడినవాణ్ణి, నేనే ముందు బయటపడ్డాను. బేస్తవారిపేటలోనో గిద్దలూరులోనో పనిచేస్తూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా బావ మీసం ఇంకొంచెం బూడిదరంగుకు తిరిగి కనిపించేది. అత్త చివరిదాకా దిష్టి తగిలే అది పడిందని నమ్మింది. ఆ నిమ్మకాయ కట్టనిచ్చి ఉంటే బాగుండేది గదరా అని నన్నే అనేది. అవును అత్తా అనేవాణ్ణి. బావ కూతురి పెళ్లిలో, విస్తళ్లు ఎత్తాక ఇద్దరం పందిట్లో కూర్చున్నప్పుడు, ఇవాళ చెప్పేద్దామని, బావా ఆ రోజు అని మొదలుపెట్టాను. అతను నా చేతి మీద చెయ్యి వేసి, "రబ్బరు పాతది బావా, జీవం పోయింది దాంట్లో," అన్నాడు. ఆ తరువాత కొన్నేళ్లకు అదే దగ్గుతో పోయాడు. అందులో నా వంతు ఎంత, ఆ పొడి వంతు ఎంత, రాత ఎంత అన్నది ఏ కంసాలి తూకంలోనూ తేలదు. ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడ్డప్పుడు, అది పడిపోతే బావ నాతోనే ఉంటాడన్న ఆశ నాలో ఏ మూలనో ఉండిందా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదని ఒట్టు పెట్టలేను.

ఇదంతా ఈ మధ్యాహ్నం కల్యాణ మండపంలో ఆ పిల్లకు చెప్పాను. వాళ్లింట్లో ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి. ఆ పిల్ల కొత్త తోక అతుకుతూ విన్నది. అతుకు ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలంటే నేను పట్టుకున్నాను. మోచేతులు బల్లకు ఆనించి కూర్చున్నాను. అంతా విని, తాతా, మా తాత విమానం నిజంగా ఒక చుట్టు తిరిగిందా అని మాత్రం అడిగింది. ఒకటిన్నర అన్నాను. తరువాత దూది తడిపి, ముక్కు మీద మిగిలిన బొట్టును నేనే చెరిపాను. పెట్టినవాణ్ణి నేనే గనుక నేనే చెరపాలి. ఆ పిల్ల బుల్లి తూకం మీద పెట్టి చూసి సరే అంది.

పొద్దుగూకే ముందు, ఫ్యాన్లు ఆపి తలుపులు మూస్తుండగా, బావ కూతురు, అంటే ఆ పిల్ల తల్లి, వచ్చింది. చేతిలో పళ్లెం. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. నేను బయటికి వచ్చి తలుపు నా వెనక మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"జరుగు మామా, బొట్టు పెట్టి వస్తా."

"దానికొద్దమ్మా. నాకు పెట్టు."

"నీకెందుకు మామా? ఎగిరేది అది గదా!"

"దాని వంతు నేను మోస్తా. నిమ్మకాయ గూడా ఇట్లియ్యి, జేబులో పెట్టుకుంటా."

"ముసలోడివైనాక నీకు సోకులెక్కువైనాయి," అని తిట్టింది. కోపం కూడా వచ్చింది, కళ్లలో తెలుస్తోంది. నేను కదలలేదు. చివరికి వేలు ముంచి నా నుదుట ఇంత బొట్టు పెట్టింది. అరవై ఏళ్ల కింద అత్త ముందు ఇంతసేపు నిలబడగలిగి ఉంటే!

ఇప్పుడు ఆ కార్ఖానా లేదు, ఆ షెడ్డు కప్పూ లేదు. పిల్లల చంకల్లో పలకలు లేవు. గాలిలోకి వదిలినదాన్ని చేతిలోని పెట్టెతో చెప్పిన దారిన తిప్పుకునే కాలం ఇది. మా కాలంలో వదిలింది వదిలినట్టే పోయేది, మేం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. ప్రేమతో వచ్చే చేతులు మాత్రం అప్పటివే, తడి పసుపుతో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ చేతులు వద్దని ఎవరనగలరు? ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి తమ నుదురు చూపించాలి, అంతే.

చెమటకు కుంకుమ కరిగి ముక్కు మీదికి కారుతోంది. తుడుచుకోలేదు. నా వెనక, మూసిన తలుపుకు అవతల, తుమ్మెద తిరుగుతున్నంత సన్నగా ఒక చప్పుడు మొదలైంది. దగ్గరికి వచ్చింది, దూరం పోయింది, మళ్లీ దగ్గరికి వచ్చింది. చూడాలని ఎంతో ఉంది. తలుపు తీస్తే గాలి లోపలికి పోతుందని, కళ్లు మూసుకుని అట్లాగే నిలబడ్డాను.